గేమ్ డబ్బాలో పిక్చర్ ట్యూబ్ మెడ విరిగింది, పాత టీవీ పెట్టొచ్చా?

ఏలూరు_కాలవ:

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

నేను హైస్కూల్లో ఉన్నప్పుడు మా బడి వెనక వీధిలో ఒక వీడియో గేమ్స్ షాపు ఉండేది. నాలుగు చెక్క డబ్బాలు, ఒక స్టూలు, గోడకి ఒక ఫ్యాను. రూపాయి బిళ్ల వేస్తే ఒక ఆట. అందులో 'ముస్తఫా' డబ్బా దగ్గరే ఎప్పుడూ జనం. అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్ అని, 1993లో క్యాప్‌కామ్ వాళ్లు తీసిందని నాకు ఇంజనీరింగులో చేరాక తెలిసింది. అందులో ఉన్న నలుగురిలో ఒకడి పేరే మాకు ఆట పేరు.

ఆ షాపు మూతపడి చాలా ఏళ్లయింది. మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఆ డబ్బా ఓనరుగారి ఇంటి వెనక రేకుల షెడ్డులో, ఎరువు బస్తాల పక్కన కనబడింది. బేరమాడి 7,000కి కొన్నాను. అక్కడే ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగి ఆన్ చేసి చూశాం, బొమ్మ వచ్చింది! రంగులు కాస్త వెలిసిపోయాయి గానీ ఆట మొత్తం నడిచింది. ఓనరుగారు కూడా ఒక లెవెల్ ఆడారు.

తర్వాత చేసిందే బుద్ధి తక్కువ పని. ట్రక్ ఆటోలో నిలబెడితే కేబుల్ వైర్లకి తగులుతుందని డ్రైవరు అంటే వెనక్కి వాల్చి పడుకోబెట్టాం. దారిలో ఒక స్పీడ్ బ్రేకరు. 'సుయ్య్' మని సైకిల్ ట్యూబులో గాలి పోయినట్టు శబ్దం. ఇంటికొచ్చి వెనక తలుపు తీసి చూస్తే చెక్క డబ్బా చెక్కు చెదరలేదు గానీ, పిక్చర్ ట్యూబ్ వెనక సన్నగా ఉండే గాజు మెడ విరిగి, దానికున్న చిన్న బోర్డు వైర్లకి వేలాడుతోంది. మెడ లోపల వెండి రంగులో ఉండే మచ్చ పాలలా తెల్లబడిపోయింది. నా ముఖం కూడా.

గేమ్ బోర్డు బాగానే ఉంది, శబ్దం వస్తోంది. మానిటర్ బోర్డు కూడా బాగానే ఉండాలి, పోయింది గాజు ఒక్కటే. ఇప్పుడు నా దగ్గర రెండు టీవీలున్నాయి. ఒకటి మా ఇంట్లోది, 2006లో కొన్న 21 అంగుళాల ఫ్లాట్ స్క్రీన్. రెండోది మా మేనమామ ఇంట్లో అటక మీద ఉన్న 1996 నాటి టీవీ, అదీ 21 అంగుళాలే, ముందువైపు అద్దం కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. రెండింటికీ వెనక పసుపు, తెలుపు ఏవీ సాకెట్లు ఉన్నాయి.

టీవీలోంచి ట్యూబు ఒక్కటే తీసి డబ్బాలోని పాత మానిటర్ బోర్డుకి తగిలిస్తే పనిచేస్తుందా? లేక ఏదైనా కన్వర్టర్ కొని టీవీ ఏవీ సాకెట్టుకి ఇచ్చెయ్యాలా? సోల్డరింగ్ వచ్చు, మల్టీమీటర్ ఉంది. టీవీ లోపల మాత్రం ఎప్పుడూ చెయ్యి పెట్టలేదు, చిన్నప్పటి నుంచీ భయం. దయచేసి చెప్పండి.


తెరపల్చన:

బ్రో, ఎందుకీ టెన్షన్? జీబీఎస్-8200 అని చిన్న బోర్డు దొరుకుతుంది. గేమ్ బోర్డు నుంచి వచ్చే ఆర్‌జీబీని (ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల సిగ్నల్) వీజీఏ చేసి ఇస్తుంది. పాత 19 అంగుళాల ఎల్‌సీడీ మానిటర్ (చదరంగా ఉండేది, వైడ్ కాదు) సెకండ్ హ్యాండ్‌లో కొని బిగించెయ్. ఒక పూట పని. షాకు భయం లేదు, బరువు లేదు. నేను నా డబ్బాకి అదే చేశాను.


ఎల్‌ఓటీ_తాత:

ఏలూరు బాబూ, నేను తెనాలిలో 1988 నుంచి టీవీ రిపేరు షాపు నడిపినవాణ్ణి. ఇప్పుడు షాపు లేదు, కళ్లజోడు పవరు మాత్రం మిగిలింది. మా ఊళ్లో రెండు గేమ్స్ షాపుల డబ్బాలు నేనే చూసేవాణ్ణి. అందుకని కాస్త విడమరిచి చెబుతాను.

ముందు పైన ఆయన చెప్పినదాని గురించి ఒక్క మాట. ఎల్‌సీడీ పెడితే తప్పేమీ లేదు, పని నడుస్తుంది. కానీ ఆ ఆట బొమ్మలో పై నుంచి కిందికి ఉన్నవి 224 అడ్డగీతలు. సీఆర్‌టీలో, అంటే పిక్చర్ ట్యూబులో, ఆ గీతల మధ్య సన్నటి చీకటి సందులుంటాయి, వాటివల్లే బొమ్మ నిగారింపుగా కనిపిస్తుంది. ఎల్‌సీడీలో అదే బొమ్మ సాగదీసిన పిండిలా ఉంటుంది. ఏడు వేలు పెట్టి ఎరువు బస్తాల మధ్య నుంచి తెచ్చుకున్నవాడికి నేను ఎల్‌సీడీ చెప్పలేను.

ఇప్పుడు నీ మొదటి ప్రశ్న. ట్యూబు ఒక్కటే తీసి పాత బోర్డుకి తగిలించొద్దు. ట్యూబు, దాని మెడకున్న యోకు, దాన్ని నడిపే బోర్డు, ఈ మూడిటిదీ ఒక కాపురం. యోకులో ట్యూబు లోపలి కిరణాన్ని అడ్డంగా తిప్పే తీగచుట్ట ఒకటి, నిలువుగా తిప్పేది ఒకటి ఉంటాయి. వాటి ఇండక్టెన్సు ఎంతో చూసుకునే బోర్డులో లైన్ అవుట్‌పుట్ ట్రాన్సిస్టరు, ఎల్‌ఓటీ (ట్యూబుకి వేల వోల్టులిచ్చే లైన్ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు), ట్యూనింగు కెపాసిటరు పెడతారు. వేరే యోకు తగిలిస్తే బొమ్మ వెడల్పు తేడా రావడం అదృష్టవంతుల సంగతి. మామూలుగా అయితే ట్రాన్సిస్టరు టప్పుమంటుంది. మల్టీమీటరుతో చూస్తే రెండు యోకులూ ఒకటి రెండు ఓములే చూపిస్తాయి, చూసి ఒకటే అనుకుంటాం. అక్కడే మోసపోతాం.

అలాగని పాత యోకు తీసి కొత్త ట్యూబుకి ఎక్కిస్తావా? మెడ మందం 29 మిల్లీమీటర్లదా, 22.5దా చూడాలి. వెనక సాకెట్టు పిన్నులు కలవాలి. అన్నీ కలిసినా ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు కిరణాలూ ఒకే చోట పడేలా మెడ మీది రింగులూ, యోకు కింద రబ్బరు ముక్కలూ సరిచేసుకోవాలి. షాపులో కూర్చుని రోజూ చేసేవాడికే అరపూట పడుతుంది. నీకెందుకది?

కాబట్టి టీవీని టీవీగానే దించు. ప్లాస్టిక్ బాడీ తీసెయ్, ట్యూబు, యోకు, బోర్డు అలాగే కలిపి డబ్బాలోకి మార్చు. గేమ్ బోర్డు రంగుల్ని టీవీ బోర్డులోకి ఎక్కడ ఎక్కించాలన్నదే అసలు పని.

ఏవీ సాకెట్టుకి ఇవ్వాలంటే మధ్యలో ఎన్‌కోడరు కావాలి. మూడు రంగుల్నీ ఒక తీగలో కలిపి పంపిస్తుంది, టీవీ మళ్లీ విడదీసుకుంటుంది. కలిపి విడదీయడంలో ఎర్ర అక్షరాల అంచులు చెదిరిపోతాయి. దానికంటే మంచి దారి టీవీలోనే ఉంది. రిమోట్ నొక్కితే తెర మీద ఆకుపచ్చ అంకెలు వస్తాయి కదా, ఛానల్ నంబరు, వాల్యూము గీతలు. అవి రిమోటు ఐసీ నుంచి నేరుగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం తీగల మీదే వీడియో ఐసీలోకి వెళతాయి. ఆ తలుపు దగ్గర అంకెల బదులు మన ముస్తఫాని నిలబెట్టాలి. నేను ఆ రోజుల్లో గేమ్స్ షాపులకి ఇలాగే చేసిచ్చాను. నీ డబ్బాలో విరిగిపోయింది కూడా మొదట్లో టీవీ ట్యూబే అయ్యుంటుంది, ఒకసారి దాని లేబులు చూడు.

రెండు టీవీల్లో మామయ్యగారిది తీసుకో. నీ ఫ్లాట్ టీవీ కాలానికి రిమోటు ఐసీ, వీడియో ఐసీ రెండూ కలిపి 64 కాళ్ల ఒకే ఐసీ చేసేశారు. దానికీ బయటి ఆర్‌జీబీ కాళ్లుంటాయి గానీ, కొన్ని సెట్లలో ఆ తలుపుని సాఫ్ట్‌వేర్‌లోనే గడియపెడతారు. 1996 దాంట్లో రెండూ వేరువేరుగా ఉంటాయి, మధ్యలో మనం దూరడానికి చోటుంటుంది. పైగా నీ డబ్బా ముందు అట్ట ఉబ్బెత్తు అద్దానికి సరిపడా కోసి ఉంటుంది. వెనక మూత తీసి పెద్ద ఐసీ మీద నంబరు చూసి రాయి.

మూత తీసే ముందు ఇది రెండుసార్లు చదువు. ప్లగ్గు పీకేసినా ట్యూబులో కరెంటుంటుంది. 21 అంగుళాల కలర్ టీవీకి పైన ఎర్ర రబ్బరు టోపీ కింద ఇరవై వేల వోల్టుల పైనే నడుస్తుంది, ఆపాక కూడా రోజుల తరబడి కొంత నిలవ ఉండొచ్చు. పొడవాటి మైనస్ స్క్రూడ్రైవరుకి మొసలి క్లిప్పు తీగ కట్టి, రెండో కొస ట్యూబు వెనక నల్లపూత మీదుగా చుట్టి ఉన్న అల్లిక తీగకి తగిలించు. బోర్డు మీద కనబడ్డ ఇనుముకి కాదు, ఆ అల్లిక తీగకే. ఒక చెయ్యి జేబులో పెట్టుకుని, రెండో చేత్తో స్క్రూడ్రైవరు మొనని టోపీ కిందికి దూర్చు. చిటుక్కుమంటుంది, లేదా అనదు. పది నిమిషాలాగి మళ్లీ చెయ్యి, గాజు కొంచెం తిరిగి పోగేసుకుంటుంది. విరిగిన ట్యూబే కదా అని దాన్ని వదిలెయ్యకు, దానికీ అంతే. సప్లై దగ్గర పెద్ద కెపాసిటరులో 300 వోల్టుల పైన ఉంటుంది, దాన్ని బల్బు కాళ్లతో ఖాళీ చెయ్యి.

విరిగిన గాజులో సీసం ఉంటుంది. చెత్తబుట్టలో వెయ్యకు, ఈ-వేస్టు వాళ్లకివ్వు.


డాలస్_జాయ్‌స్టిక్:

తాతగారూ, మీ పోస్టు ప్రింటు తీసి గరాజులో అంటించుకున్నాను. కానీ ఒక్క దగ్గర నా అనుభవం వేరు, అందుకే రాస్తున్నా.

నాది 1980 ప్యాక్‌మాన్ డబ్బా. 19 అంగుళాల ఎలక్ట్రోహోమ్ జీ07 మానిటర్. ఆటలోని చిక్కుదారి గోడలు ట్యూబుకి మాడి అంటుకుపోయాయి, కరెంటు తీసేసినా ఆ నీలం గోడల నీడ కనిపించేది. నేను మీరు వద్దన్న పనే చేశాను. ఇక్కడ రోడ్డు పక్కన 'ఉచితం' అని రాసి పెట్టేసిన 19 అంగుళాల అమెరికన్ టీవీ నుంచి ట్యూబు తీసి, మానిటర్ సొంత యోకునే దానికి ఎక్కించి పాత బోర్డుతో నడిపాను. నడుస్తోంది, నాలుగేళ్లయింది.

ఒప్పుకుంటాను, కన్వర్జెన్సుకి (మూడు రంగులూ ఒకే చోట పడేలా సర్దడానికి) రెండు రాత్రులు పట్టింది. ఇప్పటికీ కుడి కింద మూల ఎరుపు కొంచెం బయటికి తొంగి చూస్తుంది. మా ఆవిడకి కనబడదు, నాకు అదొక్కటే కనబడుతుంది.

ఏలూరు అన్నా, మీకు ఒక జాగ్రత్త. జీ07 లాంటి మానిటర్ల బోర్డులకి కరెంటు నేరుగా ఇవ్వకూడదు, డబ్బాలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ద్వారానే వెళ్లాలి. వాటి గ్రౌండు మెయిన్స్‌తో కలిసి ఉంటుంది. మీ టీవీ సంగతేంటో గేమ్ బోర్డుకి కలిపే ముందే చూసుకోండి. ఒక స్నేహితుడు చూసుకోలేదు, గేమ్ బోర్డు పోయింది.


ఎల్‌ఓటీ_తాత:

డాలస్ బాబూ, నువ్వు చేసింది ఒప్పే. అక్కడి 19 అంగుళాల పాత టీవీలకీ, ఆ మానిటర్లకీ ఒకే జాతి ట్యూబులు వాడేవారు. మెడ ఒకటే, కిరణం తిరిగే 90 డిగ్రీల కోణం ఒకటే. సంబంధం కలిసింది కాబట్టి నిలబడింది. పైగా యోకు మార్చకుండా బోర్డు యోకునే తీసుకెళ్లావు, అదే నిన్ను కాపాడింది. ఇక్కడ ఆ పొంతన చూసే ఓపిక నాకే లేదు, పిల్లవాడికి ఎందుకు చెప్పను?

ఐసొలేషన్ మాట బాగా గుర్తు చేశావు. ఏవీ సాకెట్లున్న టీవీకి ఆ ఇబ్బంది సాధారణంగా ఉండదు, ఎందుకంటే ఆ సాకెట్టుని ఇంట్లోవాళ్లు ముట్టుకుంటారు, కాబట్టి ఆ వైపు గ్రౌండుని మెయిన్స్ నుంచి విడదీసే కడతారు. అయినా నమ్మకం వద్దు. టీవీ ప్లగ్గు పీకేసి, స్విచ్చు మాత్రం ఆన్‌లో పెట్టి, మీటరు ఒక కొస ప్లగ్గు పిన్నుకి, రెండో కొస ఏవీ సాకెట్టు బయటి రింగుకి పెట్టు. రెండు పిన్నులకీ చూడు. మెగా ఓముల్లో ఉంటే ముందుకెళ్లు. కిలో ఓములు, ఓములు చూపిస్తే ఆ టీవీ వద్దు.


ఏలూరు_కాలవ:

మాస్టారూ, మీరు చెప్పినట్టే చేశాను. మొదటిసారి చిటుక్కుమన్నప్పుడు స్క్రూడ్రైవరు చేతిలోంచి జారిపోయింది. మామయ్య పక్కనే నిలబడి నవ్వు. రెండోసారి ఏ చప్పుడూ లేదు.

మీటరు రెండు పిన్నులకీ మెగా ఓముల్లోనే చూపించింది. పెద్ద ఐసీ మీద టీడీఏ8362 అని ఉంది. దానికి కాస్త దూరంలో ఇంకో ఐసీ ఉంది, దాని మీద స్టిక్కరు, అదే రిమోటుది అనుకుంటా. విరిగిన ట్యూబు లేబులు కూడా చూశాను. మీరన్నట్టే మామూలు కలర్ టీవీ ట్యూబు!


ఎల్‌ఓటీ_తాత:

టీడీఏ8362 అంటే పాత చుట్టం ఇంటికి వచ్చినట్టే. 52 కాళ్ల ఐసీ. 22, 23, 24 కాళ్లు వరసగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం లోపలికి. 21వ కాలు తలుపు. దానికి ఒకటి నుంచి రెండు వోల్టుల మధ్య అందితే ఐసీ టీవీ బొమ్మ పక్కకి పెట్టి ఆ మూడు కాళ్ల మీద వచ్చింది చూపిస్తుంది. నేరుగా 5 వోల్టులు కొట్టకు. టీవీలోనే దొరికే 5 వోల్టుల నుంచి 1కె రెసిస్టరు, అక్కడి నుంచి గ్రౌండుకి 470 ఓములు, ఆ రెండూ కలిసే చోటు నుంచి 21కి ఇవ్వు. ఒకటిన్నర వోల్టుల చిల్లర వస్తుంది. డేటాషీటు ఇంటర్నెట్‌లో దొరుకుతుంది, నా మాట మీద కాకుండా దానితో సరిచూసుకుని ఐరన్ పట్టుకో.

రిమోటు ఐసీ నుంచి ఆ నాలుగు కాళ్లకీ వచ్చే దారిలో రెసిస్టర్లుంటాయి, వాటిని ఒక వైపు లేపెయ్. ఇక తెర మీద ఛానల్ అంకెలు రావు, మనకవసరం లేదు.

గేమ్ బోర్డుకున్న 56 పిన్నుల జామా కనెక్టరులో (గేమ్ బోర్డుని డబ్బా తీగలకి కలిపేది), బోర్డు పై వైపు 12వ పిన్ను ఎరుపు, దాని వెనక వైపుది ఆకుపచ్చ. 13 నీలం, దాని వెనక వైపుది సింక్ (బొమ్మని తెర మీద జారకుండా నిలబెట్టే సిగ్నల్). 14 వీడియో గ్రౌండు. మానిటరుకి వెళ్లే ఐదు తీగలూ ఇవే. ఈ బోర్డుల నుంచి రంగులు టీవీకి కావలసిన 0.7 వోల్టుల కంటే గట్టిగా వస్తాయి. అందుకని ఒక్కో రంగు తీగలో 1కె ట్రిమ్మరు (తిప్పి సర్దుకునే రెసిస్టరు) ఒకటి పెట్టు. దాని తర్వాత 75 ఓములు గ్రౌండుకి, ఆపైన 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు గుండా ఐసీ కాలికి. ట్రిమ్మర్లన్నీ మొదట పూర్తి రెసిస్టెన్సులో ఉంచి, బొమ్మ వచ్చాక మెల్లగా తిప్పుకో. సింక్ తీగని మాత్రం ఐసీ దగ్గరికి తీసుకెళ్లకు, 470 ఓములు మధ్యలో పెట్టి టీవీ పసుపు ఏవీ సాకెట్టుకి ఇచ్చెయ్. టీవీ ఏవీలో ఉంటే చాలు, సింక్ అక్కడి నుంచి తీసుకుంటుంది. గ్రౌండు రెండిటికీ కలపాలి, మర్చిపోతే బొమ్మ ఉండదు.

ఇవన్నీ కోఠీ గుజరాతీ గల్లీలో వంద రూపాయల లోపు సరుకు. ఏలూరులో కూడా ఏ రేడియో షాపులోనైనా ఉండాలి.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు టీవీకి కరెంటు వెళ్లే తీగ మధ్యలో సీరీస్ బల్బు పెట్టు, వంద వాట్లది. డీగాస్ కాయిలు (తెరకి అంటిన అయస్కాంతాన్ని పోగొట్టే చుట్ట) వల్ల బల్బు ఒకసారి భగ్గుమని తర్వాత మందగించాలి. మందగించకుండా అలాగే వెలుగుతుంటే ఎక్కడో షార్టు చేశావు, ఆపెయ్.

ట్యూబు బిగించేటప్పుడు మెడ పట్టుకుని ఎత్తకు, ఆ పాఠం నీకు ఇప్పటికే అయ్యింది. అద్దం వైపు రెండు చేతులూ వేసి, ఇద్దరు పట్టి దించండి. నాలుగు మూలలా చెవులుంటాయి, బోల్టులు అక్కడే.


ఏలూరు_కాలవ:

రెండు ఆదివారాలు పట్టింది. రిపోర్టు ఇస్తున్నాను, ఫొటో కూడా పెట్టాను.

మొదట బల్బు భగ్గుమని తగ్గింది. ట్యూబు వెనక సన్నగా నారింజ వెలుగు కనబడగానే మామయ్య చప్పట్లు కొట్టాడు. బొమ్మ వచ్చింది గానీ కిందికి జారుతూనే ఉంది. సింక్ తీగలో 470 పెట్టానని అనుకుని 47 పెట్టాను. మార్చగానే నిలబడింది. తర్వాత చూస్తే అందరి ముఖాలూ నీలంగా, శవాల్లా ఉన్నాయి. ఎరుపు, నీలం తారుమారు చేశాను. అదీ సర్దాను.

ఇప్పుడు బొమ్మ... మాస్టారూ, ఎలా చెప్పాలో తెలీదు. ఆ షాపులో ఉన్నప్పటి కంటే బాగుంది. నిజంగానే బాగుందో, నా కళ్లకి అలా కనిపిస్తోందో!

రెండు ఇబ్బందులు మిగిలాయి. కుడివైపు పై మూల అరచెయ్యంత పచ్చ మచ్చ ఉంది. తెర మీద ఏ రంగు వచ్చినా అక్కడ మాత్రం తేడాగానే ఉంటుంది. రెండోది, నల్ల తెర వచ్చినప్పుడు అడ్డంగా ఏటవాలు తెల్లగీతలు కనిపిస్తున్నాయి.

ఇంకోటి చిన్నది. కరెంటు పోయి వచ్చినా, స్విచ్చు వేసినా టీవీ మొదటి ఛానల్లో తెరుచుకుంటుంది, బొమ్మ ఉంటుంది గానీ సింక్ తప్పిపోతుంది. ప్రతిసారీ రిమోట్‌తో ఏవీ నొక్కాలి. ప్రస్తుతానికి రిమోటుని రబ్బరు బ్యాండుతో కాయిన్ తలుపు లోపల కట్టేశా.


తెరపల్చన:

ఫొటో చూశాను బ్రో. నా ఎల్‌సీడీ డబ్బా పక్కన పెట్టి చూస్తే కొంచెం కుళ్లుగా ఉంది, ఒప్పుకుంటున్నా.


ఎల్‌ఓటీ_తాత:

పచ్చ మచ్చ ఉన్న మూలకి పైన స్పీకరు ఉందా? నువ్వు కొత్తది పెద్దది బిగించి ఉంటావు. టీవీల్లో వాడే స్పీకర్ల అయస్కాంతం మీద కవచం ఉంటుంది, మామూలు స్పీకర్లకి ఉండదు. అది కిరణాల్ని పక్కకి లాగుతోంది. స్పీకరు మార్చు, లేదా దూరం జరుపు. తర్వాత డబ్బాని అరగంట ఆపి ఆన్ చెయ్యి. డీగాస్ కాయిలుకి కరెంటు వదిలే పోసిస్టరు చల్లారాకే కాయిలు మళ్లీ గట్టిగా పనిచేస్తుంది. వెంటవెంటనే ఆపి వేస్తే ఏమీ జరగదు. ఇలా రెండు మూడుసార్లు చేస్తే మచ్చ పోవాలి.

తెల్లగీతలు కిరణం కింది నుంచి పైకి వెనక్కెళ్లే దారి. ఎల్‌ఓటీ మీద రెండు నాబులుంటాయి, పైది ఫోకస్, కిందది స్క్రీన్. కిందదాన్ని వెంట్రుకవాసి తగ్గించు. నల్ల తెర నల్లగా అవ్వగానే ఆపెయ్. అది ఆన్‌లో ఉండగా తిప్పాల్సిందే కాబట్టి ప్లాస్టిక్ పిడి ఉన్న స్క్రూడ్రైవరు, ఒక చెయ్యి జేబులో.

ఏవీ సంగతి మాత్రం ఆ టీవీ పుట్టుకతో వచ్చిన అలవాటు. రబ్బరు బ్యాండే మంచి రిపేరు.

అన్నట్టు, కాయిన్ బాక్సు పని చేస్తోందా?


ఏలూరు_కాలవ:

స్పీకరే మాస్టారూ! పాత హోం థియేటర్ నుంచి పీకి పెట్టాను. డబ్బా కిందికి మార్చాక, నాలుగోసారి ఆన్ చేసేసరికి మచ్చ పోయింది. గీతలు కూడా పోయాయి.

కాయిన్ బాక్సు పని చేస్తోంది గానీ ఇప్పటి రూపాయి బిళ్లలు దానికి చిన్నవైపోయాయి. వేస్తే జారి నేరుగా కిందికి వచ్చేస్తున్నాయి. 90ల్లో వచ్చిన 25 మిల్లీమీటర్ల స్టీలు రూపాయి బిళ్లలు మాత్రమే తీసుకుంటోంది. అమ్మ దేవుడి గూట్లో పసుపు డబ్బా కింద పదకొండు దొరికాయి. ఆట అయిపోయాక తాళం తీసి మళ్లీ అవే వేస్తున్నాం.

ట్రిమ్మర్లు కదలకుండా ఏమైనా పెట్టాలా? మా మేనల్లుడు ఓడిపోయినప్పుడల్లా డబ్బాని తంతున్నాడు.


ఎల్‌ఓటీ_తాత:

ఒక్కోదాని మీద నెయిల్ పాలిష్ చుక్క పెట్టు. మేం షాపులో అదే పెట్టేవాళ్లం.


ఏలూరు_కాలవ:

అక్కది ఎర్రది దొరికింది. పెట్టేశా.